పక్కింటి చేపలకు దిష్టి

మృగశిర కార్తె

ఈ పలకలో తొట్టి సంగతులు తప్ప మరేమీ రాయకూడదట. కొత్తగా వచ్చిన ప్రతి ఇల్లూ కార్తె కార్తెకీ ఏం చేసిందో, ఏం బతికిందో, ఏం చచ్చిందో రాసిపెట్టాలి. నీళ్ల బోర్డువాళ్లు దీన్ని చదవరు, నిండిందా లేదా చూసి పోతారు. కాబట్టి నాకు తోచిందే రాస్తాను.

ఊరు మునిగాక మూడేళ్లు పడవ మీద బతికాం. ఈ నెలలోనే కొత్తమెరకలో ఇల్లిచ్చారు. నాలుగు గోడలు, వెనకాల సిమెంటు పెరడు. సిమెంటు కింద మట్టి ఉంది గానీ అది ఉప్పు మట్టి, గడ్డిపోచ కూడా మొలవదు. అందుకని ఇక్కడ ప్రతి పెరట్లోనూ ఒక చేపల తొట్టి, దాని మీద రాళ్లు నింపిన మడి ఉంటాయి. చేపలు మురికి చేసిన నీళ్లు మోటారు మీద మడిలోకి ఎక్కుతాయి. రాళ్ల మధ్య మొక్కలు ఆ మురికి తిని పెరుగుతాయి. శుభ్రమైన నీళ్లు మళ్లీ చేపల మీదకే దిగుతాయి. కూరా చేపా అందులోవే. చుక్క నీళ్లు గోడ దాటకూడదు, దాటితే మీటరు కూస్తుంది.

పుబ్బ కార్తెలో కొత్తవాళ్లకి తనిఖీ. అప్పటికి తొట్టిలో చేపలు తిరుగుతూ మడిలో కూర కోతకి రాకపోతే మళ్లీ పడవ ఎక్కాల్సిందే. మన వంతు నీళ్లూ ఇల్లూ పక్కింటికి పోతాయి. మా ఆయనకి ఇప్పటికే నీటి చెమ్మకి ఊపిరి ఆడదు. ఇంకో వానాకాలం పడవ మీద గడిపితే మనిషి దక్కడు. అంచేత ఈ తొట్టి బతికి తీరాలి.

మా నాన్న చేపల చెరువులు చేసినవాడే గానీ, చెరువు వేరు తొట్టి వేరని మొదటి రోజే తెలిసింది. పాత నీళ్ల ట్యాంకుని అడ్డంగా కోశాం. కింద సగం చేపలకి, పై సగం మడికి. రాళ్లు పోయగానే కింద పెట్టిన కొయ్య బల్ల మూలిగింది, ఆ తర్వాత ఒరిగింది. మా ఆయన కాలి బొటనవేలు నలిగింది. మడి నిండగానే నీళ్లు తమంతట తామే దిగిపోయే గొట్టం ఒకటి పెట్టాలి. మేం పెట్టినది పెట్టినట్టే ఉంది, నీళ్లు మాత్రం దిగలేదు. దాన్ని ఊది, పీల్చి, తిట్టి, చివరికి మూత కాస్త ఎత్తితే అప్పుడు గుటకేసింది. ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.

ఆరుద్ర కార్తె

ముసురు పట్టింది. మూడు రోజులుగా సూర్యుడి మొహం చూళ్లేదు.

పాలకి తోడు ఎలాగో కొత్త తొట్టికి తోడు రాళ్లు అలాగ. పాత మడిలో రాళ్లకి కంటికి కనపడని పురుగు పట్టి ఉంటుంది. చేపలు వదిలే విషాన్ని మొక్కలకి ఎరువుగా మార్చేది ఆ పురుగే. అది లేకపోతే చేపలు తమ విషంలో తామే చస్తాయి. పక్క మడి నుంచి ఒక బేసినుడు రాళ్లు తెచ్చి కలిపితే తొందరగా అంటుకుంటుంది. తోడు అడిగితే లేదనకూడదు, అది కొత్తమెరక కట్టు.

పక్కింటావిడ పేరు లిఖిత. అరవై దాటింది. మా నాయనమ్మల కాలంలో ముసలమ్మలంటే సుబ్బమ్మలు, వీరమ్మలు. ఇప్పుడు లిఖితలు, హన్వికలు. నేను హన్వికని. పేర్లు నాజూకయ్యాయి గానీ బుద్ధులు అవే. ఆవిడ ఇంట్లో కూతురు ప్రణవి, ఇల్లరికం అల్లుడు ఉన్నారు. ఆ అల్లుడికి ఇల్లరికం నచ్చట్లేదనీ, వేరే ఇల్లు కావాలని రోజూ సతాయిస్తున్నాడనీ ఆవిడే చెప్పింది.

బేసిను పట్టుకుని వెళ్లాను.

"తోడుకా? అయ్యో, అడగాలా అమ్మాయ్! కూచో, మంచివి ఏరి తెస్తాను" అంది.

వరండాలో కూచున్నాను. లోపల కుక్కర్ విజిల్ వేసింది. మళ్లీ వేసింది. మళ్లీ. నాకోసం పప్పు పెడుతోంది కాబోలు, ఎంత మంచి మనిషి అనుకున్నాను. పడవ మీద మూడేళ్లు ఎవరింటా భోజనం చెయ్యలేదు, ఆ విజిల్ వింటుంటే కళ్లు చెమర్చాయి. పప్పు రాలేదు. రాళ్లు వచ్చాయి. బేసిను ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

"ఎండకి కాగాయిలే" అంది లిఖిత వదిన.

ఇంటికి తెచ్చి మడిలో కలిపాను. బోర్డు ఇచ్చిన చేపపిల్లల్ని వదిలాను. తోటకూర, గోంగూర, బచ్చలి విత్తనాలు వేశాను.

పునర్వసు కార్తె

చేపలన్నీ చచ్చాయి.

ముందు నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. పరీక్ష కాగితం ముంచితే ముదురాకుపచ్చ తిరిగింది, అంటే విషం. రోజూ ముంచాను, రోజూ అదే రంగు. తోడు వేసిన తొట్టిలో అలా ఉండకూడదు. రాయి ఒకటి తీసి వాసన చూశాను. బతికున్న రాయికి తొలకరి మట్టి వాసన వస్తుందట. దీనికి ఏ వాసనా లేదు.

ఇవాళ ప్రణవి వచ్చింది. "అత్తా, ఒక పూటకి మీ కుక్కర్ ఇస్తారా? మా దాని అడుగంతా గీసుకుపోయింది. ఆ వేళ అమ్మ దాన్లో రాళ్లేవో ఉడకబెట్టింది. ఎందుకో అడిగితే కసిరింది" అంది.

పాపం ఆ పిల్లకేం తెలియదు. కుక్కర్ ఇచ్చి పంపించాను. పంపించి తలుపేసుకున్నాను.

నా తోడు రాళ్లని ఉడకబెట్టింది. నేను గుమ్మంలో కూచుని పప్పనుకుని కళ్లు తుడుచుకుంటుంటే, లోపల నా ఇంటిని ఉడకబెట్టింది. నా ఇల్లు ఖాళీ అయితే అల్లుడికిస్తుంది. నా మొగుడు పడవ మీద దగ్గి దగ్గి పోయినా ఆవిడకి పర్లేదు. ఇంత కోపం నాకు సముద్రం మీద కూడా రాలేదు. సముద్రం నవ్వుతూ కూచోబెట్టి ముంచలేదు కదా.

"వెళ్లి అడిగేస్తాను" అన్నాడు మా ఆయన.

"ఏవనడుగుతారు? సాక్ష్యం ఏదీ? పడవ మీంచి వచ్చినవాళ్ల మాట ఎవడు నమ్ముతాడు?"

"పోనీ ఇంకో ఇంట్లో తోడు అడుగుదాం."

అదీ కుదరదు. ఒకింట తోడు తీసుకుని మరో ఇంటికి పోవడమంటే మొదటి ఇంటి తోడు చెడ్డదని చాటడమే. దానికి పంచాయితీ పెడతారు. ఆవిడ ఏడేళ్ల పాత మనిషి, నేను నిన్నగాక మొన్న వచ్చినదాన్ని.

"పోనీలేవే, దేవుడే చూసుకుంటాడు" అన్నాడు.

"దేవుడికి చాలా పనులుంటాయి. ఇది నేను చూసుకుంటాను" అన్నాను.

ఆశ్లేష కార్తె

చచ్చిన చేపల్ని తియ్యలేదు. తొట్టిలోనే కుళ్లనిచ్చాను. తోడు లేకుండా కూడా పాలు ఎప్పటికో పులుస్తాయి కదా. కుళ్లు ఉన్న చోటికి ఆ పురుగు దానంతటది వస్తుంది, కాకపోతే ఆలస్యమవుతుంది. ఆలస్యం కాకుండా ఇంకొంచెం మేత కావాలి. ఆ మేత ఏమిటో మా ఆయనకి చెబితే "ఇంత వయసొచ్చాక బకెట్లోనా" అని సిగ్గుపడ్డాడు. అయినా పోశాడు. మంచి మనిషి.

కంపు కాలనీ అంతా పాకింది. లిఖిత వదిన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గోడ మీంచి తొంగి చూసింది.

"ఏంటే అమ్మాయ్ ఇది? నేనిచ్చిన తోడు అంటుకోలేదా?"

"నా చేతి మహిమ వదినా. కొత్తదాన్ని కదా, ఏదో తప్పు చేసుంటాను."

"అయ్యో పాపం. పోనీలే, పడవ మీద అలవాటైన ప్రాణాలే కదా మీవి" అంది.

నవ్వాను. ఆ నవ్వుకి నాకు దవడలు నొప్పెట్టాయి.

మఖ కార్తె

కాగితం రంగు మారింది! ఆకుపచ్చ తగ్గి గులాబీ రంగు వచ్చింది. మొదటి విషం విరుగుతోంది గానీ మధ్యలో రెండో విషం ఒకటి పుడుతుంది. అది చేప రక్తాన్ని గోధుమరంగు చేసి ఊపిరాడకుండా చేస్తుంది. అది కూడా పోయేదాకా ఆగితే పుబ్బ దాటిపోతుంది.

మా ఆయన ఉప్పు కాలవలో వల వేసి తిలాపి పిల్లల్ని పట్టుకొచ్చాడు. వాటితో పాటు ఒక చెంబుడు ఉప్పు నీళ్లు కూడా తొట్టిలో పోశాను. ఉప్పుంటే ఆ రెండో విషం చేపకి ఎక్కదని మా నాన్న చెప్పిన గుర్తు. మా ఊరిని తిన్న ఉప్పే కదా, ఒక్కసారైనా మాకు పనిచెయ్యకపోతుందా అనుకున్నాను. రెండు చేపలు పోయాయి. మిగిలినవి తిరుగుతున్నాయి.

రాయి తీసి వాసన చూశాను. తొలకరి వాసన. మా ఆయన ముక్కు దగ్గర పెడితే చాలాసేపు ఇవ్వలేదు.

పుబ్బ కార్తె

తనిఖీ గట్టెక్కాం. బోర్డు ఆవిడ తొట్టిలోకి తొంగి చూసింది, తోటకూర కాడ విరిచి చూసింది, పలక మీద ముద్ర కొట్టింది. ఇల్లు మాది. మా ఆయన ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

గోడ అవతల లిఖిత వదిన మొహం చూడాల్సింది. ఇంటి మీద పెట్టుకున్న ఆశ కళ్ల ముందే ఆవిరైపోతుంటే, "చాలా సంతోషం అమ్మాయ్" అంది.

నాకింకా చల్లారలేదు. ఇల్లు దక్కింది కదా అంటాడు మా ఆయన. దక్కింది నా కష్టంతో. ఆవిడ చేసింది అలాగే ఉంది, దానికి బదులు పడలేదు.

మర్యాదకి ఒక మాటన్నాను: "మీ చేపలు భలే బలిశాయొదినా. ఎలా నిగనిగలాడుతున్నాయో!"

నిజంగా మర్యాదకే అన్నాను. వదిన మొహం మాడింది. లోపలికి పరిగెత్తి పసుపు, సున్నం కలిపిన ఎర్రటి దిష్టి నీళ్లు చెంబుతో తెచ్చింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని గొణుగుతూ తొట్టికి మూడుసార్లు తిప్పింది. తిప్పిన నీళ్లు నాలుగు దారుల కూడలిలో పొయ్యాలి. కొత్తమెరకలో చుక్క నీళ్లు గడప దాటకూడదాయె. వదిన అటూ ఇటూ చూసి, ఆ నీళ్లు తొట్టిలోనే పోసేసింది.

ఉత్తర కార్తె

ఆ చెంబు సంగతే ఆలోచిస్తున్నాను.

మా నాన్న చెరువులో సున్నం చల్లేవాడు. కొద్దిగా చల్లితే మంచిదే, నీళ్ల పులుపు విరుగుతుంది. ఒకసారి పాలేరు బస్తాలకి బస్తాలు చల్లేశాడు. మర్నాటికి చెరువంతా తెల్లటి పొట్టలు తేలాయి. "సున్నం చేపని చంపదురా, నీళ్లలో నిద్రపోతున్న విషాన్ని లేపుద్ది. అది చంపుద్ది" అని నాన్న తల పట్టుకోవడం నాకు గుర్తు. మట్టి ఉన్న అంత చెరువే తట్టుకోలేకపోయింది. ఇక సిమెంటు పెరట్లో తొట్టి ఎంత?

స్వాతిలో అన్ని ఇళ్లకీ తనిఖీ ఉంటుంది.

నేను గోడ దూకను. విషం కలపను. పక్కింటివాళ్ల వస్తువు వేలితో కూడా ముట్టుకోను. పొగుడుతాను, అంతే. మెచ్చుకోవడం నేరమని ఏ బోర్డూ రాయలేదు.

ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టాను. "వదినా, ఆ పెద్ద చేప ఉంది చూడు, అబ్బబ్బ, నా కళ్లు దాని మీంచి మళ్లట్లేదు!"

చెంబు వచ్చింది. తిరిగింది. తొట్టిలో పడింది.

హస్త కార్తె

రోజుకో పొగడ్త. ఒకసారి చేపల్ని, ఒకసారి బచ్చలి తీగని. నిన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్లని పిలిచి గోడ దగ్గర నిలబెట్టి చూపించాను. "ఇలాంటి తొట్టి కొత్తమెరకలో ఉందా, మీరే చెప్పండి!" వాళ్లూ నోరారా పొగిడారు. ఆ రోజు రెండు చెంబులు పడ్డాయి.

వదిన గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. తొట్టి అంచుకి బూడిద గుమ్మడికాయ వేలాడదీసింది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు" అని కూతురితో అంటోంది, నాకు వినపడాలని. విన్నాను. కడుపు నిండింది.

ఇవాళ ఆవిడ తోటకూర ఆకులు పసుపుపచ్చగా తిరగడం చూశాను. సున్నం ఎక్కువైతే మొక్క ఇనుము తీసుకోలేదు, పాలిపోతుంది. ఆవిడ దాన్ని చూసి దిష్టి గట్టిగా తగిలిందనుకుంటోంది. సున్నం ఇంకా చిక్కగా కలుపుతోంది. నేనింక నోరు తెరవక్కర్లేదు. అయినా తెరుస్తున్నాను, ఎందుకంటే నాకు హాయిగా ఉంది. రాళ్లని ఉడకబెట్టిన రోజు ఆవిడకి కూడా ఇంత హాయిగానే ఉండి ఉంటుంది.

మా ఆయన కనిపెట్టేశాడు. "చెప్పెయ్యవే, సున్నం పొయ్యొద్దని. ఒక్క మాట."

"నన్ను తన గుమ్మంలో కూచోబెట్టి విజిల్స్ వేయించినప్పుడు ఆవిడ ఒక్క మాట చెప్పిందా?"

ఆయన మోటారు శుభ్రం చెయ్యడానికి పోయాడు. ఆ పూట నేను పెట్టిన అన్నం సగం వదిలేశాడు.

స్వాతి కార్తె

తనిఖీ రోజు తెల్లారేసరికి లిఖిత వదిన పెరట్లోంచి ఏడుపు. గోడ దగ్గరికి వెళ్లి చూశాను. తొట్టి నిండా తెల్లటి పొట్టలు. వదిన నీళ్లలో మోచేతుల దాకా చేతులు పెట్టి ఒక్కొక్క చేపనీ తిప్పి చూస్తోంది. బతికింది ఒక్కటీ లేదు.

నేను ఈ ఉదయం కోసం ఎన్ని పూటలు ఎదురుచూశానో! వచ్చింది. బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. గుండెల మీంచి రోలు దించినట్టుంది.

బోర్డు ఆవిడ వచ్చింది, చూసింది. మా రెండిళ్లవాళ్లనీ మధ్య సందులోకి పిలిచింది.

"లిఖిత గారి నీళ్ల వంతు ఆనవాయితీ ప్రకారం హన్విక గారికి మారుతుంది" అంది.

నేను తల వంచుకున్నాను, నవ్వు కనపడకుండా.

"అలాగే లిఖిత గారి ఇంట్లో మూడు నోళ్లు కూడా."

"అదేంటండీ?"

"కొత్తవాళ్లయితే పడవ ఎక్కిస్తాం. వీళ్లు ఏనాడో తనిఖీ దాటిన మెరక మనుషులు కదా, మెరక మనిషిని పడవ ఎక్కించరు. నీళ్లు ఎటు పారితే నోళ్లూ అటే. వీళ్ల తొట్టి మళ్లీ బతికేదాకా, లేదా వచ్చే స్వాతిదాకా, రెండు పూటలా మీరే పెట్టాలి. మీకు తెలీదా?"

నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. చేపల పొట్టల గురించి ఆలోచించినంత ఒక్క రోజు కూడా ఆ తర్వాత సంగతి ఆలోచించలేదు.

మా ఆయన మాత్రం ముందుకొచ్చి, "రండి అక్కగారూ, అన్నం తిందురు గాని" అన్నాడు.

విశాఖ కార్తె

రోజూ వస్తున్నారు. అల్లుడు తలెత్తకుండా తినిపోతాడు. ప్రణవి గిన్నెలు తోమి వెళ్తుంది. లిఖిత వదిన నిదానంగా తింటుంది. పీట వాల్చుకుని, ముద్ద ముద్దకీ మజ్జిగ అడుగుతూ తింటుంది. కొత్త నీళ్ల వంతు వచ్చినా తొట్టి ఒక్కటే కదా, చేపలు అంతే ఉన్నాయి. మా ఆయన పళ్లెంలో ముక్క చిన్నదయింది.

సిగ్గుతో ఆవిడకి ముద్ద దిగదనుకున్నాను. బాగానే దిగుతోంది.

ఇవాళ మిగతావాళ్లు లేచాక ఇద్దరమే మిగిలాం.

"సున్నం సంగతి నీకు ముందే తెలుసు కదూ?" అంది, తల ఎత్తకుండా.

అబద్ధమాడాలనిపించలేదు. "తెలుసు" అన్నాను.

"ఊఁ."

"రాళ్లు ఉడికాయని నాకు తెలుసని మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు మొదటిసారి నా చేపల్ని పొగిడినప్పుడే. అందుకే కదా దిష్టి తీసింది." పళ్లెం ముందుకు జరిపింది. "పప్పు వెయ్యి."

వేశాను. తిట్టుకుంటామనీ, జుట్టు జుట్టు పట్టుకుంటామనీ అనుకున్నాను. ఆవిడ పప్పు కలుపుకుంది. ఇద్దరం ఒకళ్లకి ఒకళ్లం తెలిసిపోయాక తిట్టుకోవడానికి ఏం మిగలలేదు. నాకు మాత్రం అప్పటికీ కోపం చావలేదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

వదిన లేచి చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లింది. నా తొట్టి దగ్గర నిలబడింది. చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలోకి మెల్లగా ఒక నవ్వు వచ్చింది.

"ఎంత బలిశాయే అమ్మాయ్ నీ చేపలు!" అంది, వీధిలోకి వినపడేంత గట్టిగా. "ఆ నల్లది చూడు. ఎలా నిగనిగలాడుతోందో! నా కళ్లు మళ్లట్లేదమ్మా."

ఆ మాటలు ఎక్కడివో నాకు తెలుసు. మాటలకి చేపలు చావవని కూడా తెలుసు. చంపింది సున్నమే, నా నోరు కాదు, నా కళ్లు కాదు. కొత్తమెరకలో ఆ సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

ఆవిడ వెళ్లిపోయింది. రేపు పొద్దున మళ్లీ వస్తుంది, మళ్లీ చూస్తుంది, వచ్చే స్వాతిదాకా రోజూ రెండు పూటలా చూస్తుంది. నేను తొట్టి మీదికి వంగాను. నల్ల చేప మూలకి పోయి కదలకుండా ఉంది. నీడకి పోయిందేమో. చిటికె వేశాను, కదల్లేదు. మళ్లీ వేశాను. కదిలింది. బచ్చలి ఆకు ఒకటి పసుపుగా కనిపించింది. ముదురాకే అయ్యుండాలి. నిన్న కూడా అలాగే ఉందా? గుర్తులేదు.

వంటింట్లోకి వెళ్లాను. పసుపు డబ్బా దించాను. చెంబులో నీళ్లు తీసుకున్నాను. అప్పుడు గాని నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

సున్నం డబ్బా తీసి మా ఆయన చేతిలో పెట్టి, "దీన్ని ఎక్కడైనా దాచండి, ఎక్కడ దాచారో నాకు మాత్రం చెప్పకండి" అన్నాను.